త్యాగరాజ పంచరత్న గోష్ఠిగానం: ఊరి బృందాలు తరచుగా అడిగే ప్రశ్నలు

గోష్ఠిగానం అంటే ఏమిటి? కచేరీకీ దీనికీ తేడా ఎక్కడ?

త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి అయిన పుష్య బహుళ పంచమి నాడు, ఆయన పటం ముందు పాడేవాళ్లూ వాయించేవాళ్లూ వరసల్లో కూర్చుని, ఐదు ఘనరాగ కీర్తనలను ఒకే శ్రుతిలో, ఒకే నడకలో, ఏకకంఠంగా పాడతారు. అదే పంచరత్న గోష్ఠిగానం. కచేరీలో అప్పటికప్పుడు కల్పించి పాడే నెరవు, కల్పనస్వరాలు, మృదంగం విడిగా వాయించే తనియావర్తనం ఇందులో ఉండవు. పాడేవాళ్లలో వేదిక మీద పేరున్న విద్వాంసులుంటారు, బ్యాంకు ఉద్యోగులుంటారు, రిటైరైన మాస్టార్లుంటారు, సంగీతం క్లాసుకు వెళ్లే పిల్లలుంటారు. ఎవరి గొంతూ విడిగా వినిపించకూడదు. బాగా పాడేవాళ్లకు ఇది అంత తేలిక కాదు, ఎందుకంటే అలవాటైన సంగతులను (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులను) ఆ గంటసేపు పక్కన పెట్టాలి.

ఈ ఆనవాయితీ త్యాగరాజస్వామి కాలం నుంచీ ఉందా?

లేదు. ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి వందేళ్లు కూడా నిండలేదు.

త్యాగరాజస్వామి 1767 మే 4న తిరువారూరులో పుట్టి, 1847 జనవరి 6న తిరువయ్యారులో సిద్ధి పొందారు. కావేరి ఒడ్డున సమాధి కట్టారు. శిష్యులు ఎవరి ఊళ్లలో వాళ్లు తిథి జరుపుకొనేవారు. ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం, వాలాజాపేట అని మూడు పెద్ద శిష్యపరంపరలు ఏర్పడ్డాయి గానీ, సమాధి దగ్గర అందరూ కలిసి చేసే ఉత్సవమంటూ చాలాకాలం లేదు. 1903లో ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ వెళ్లి చూసేసరికి సమాధి శిథిలావస్థలో ఉంది. వాళ్లు దాన్ని బాగుచేయించిన తర్వాత, ఆ దశాబ్దంలోనే ఆరాధన పెద్దయెత్తున మొదలైంది.

మొదలైన కొన్నాళ్లకే చీలిపోయింది. ‘పెరియ కట్చి’ (పెద్ద పక్షం), ‘చిన్న కట్చి’ (చిన్న పక్షం) అని తమిళంలో రెండు పక్షాలు. ఒకరు ఉత్సవాన్ని ఆరాధన రోజుతో ముగించేవారు, ఇంకొకరు ఆ రోజున మొదలుపెట్టేవారు. రెండు చోట్లా స్త్రీలకు పాడే వీలు లేదు. 1940 ప్రాంతంలో పక్షాలన్నీ ఒక్కటై, త్యాగబ్రహ్మ మహోత్సవ సభ పేరిట ఒకే ఉత్సవం నడిచింది. అందరూ కలిసి పంచరత్నాలు పాడాలన్న ఏర్పాటు ఆ ఐక్యతతోనే వచ్చింది. విడిపోయినవాళ్లను ఒక వరసలో కూర్చోబెట్టడానికి పుట్టిన పద్ధతి ఇది. ఊళ్లో రెండు సంగీత బృందాలుండి మాటలు లేని చోట ఈ సంగతి చెప్పి చూడండి.

బెంగుళూరు నాగరత్నమ్మ పాత్ర ఏమిటి?

ఆమె లేకపోతే పాడటానికి ఆ చోటే మిగిలేది కాదేమో. 1878లో పుట్టిన నాగరత్నమ్మ మద్రాసులో పేరుమోసిన గాయని. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో పరిష్కరించి అచ్చు వేయించిన తెలుగు పండితురాలు కూడా. సమాధి మళ్లీ పాడుబడిందని తెలిశాక తన సంపాదనంతా దానికే పెట్టారు. ఆ స్థలం సంపాదించి, 1921లో గుడికి శంకుస్థాపన చేయించి, 1926లో ప్రతిష్ఠ జరిపించారు. గుడి కట్టించిన మనిషికే అక్కడ పాడే హక్కు లేదన్నారు. ఆమె ఊరుకోలేదు. 1927 నుంచి గుడి వెనక భాగంలో స్త్రీల ఆరాధన వేరుగా నడిపారు. పక్షాలు కలిశాక స్త్రీలు కూడా గోష్ఠిలో కూర్చున్నారు. 1952లో ఆమె కన్నుమూశారు. స్వామి సన్నిధికి ఎదురుగా చేతులు జోడించిన ఆమె విగ్రహం ఇప్పటికీ ఉంది.

ఆరాధన సభలో స్వాగతవచనాల వేళ రెండు నిమిషాలైనా ఆమె పేరు చెప్పాలి. చాలా సభల్లో ఇది జరగడం లేదు.

ఐదు కీర్తనలు ఏవి? వరుస మార్చవచ్చా?

జగదానందకారక (నాట), దుడుకుగల (గౌళ), సాధించెనే (ఆరభి), కనకన రుచిరా (వరాళి), ఎందరో మహానుభావులు (శ్రీ). అన్నీ ఆదితాళమే. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. వరుస మార్చకండి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అన్నది ఘనరాగ పంచకపు క్రమమే. వీణ మీద తానం వాయించేటప్పుడూ ఇదే క్రమం.

‘పంచరత్నాలు’ అన్న పేరు స్వామి పెట్టింది కాదు, తర్వాత వచ్చింది. కోవూరు, తిరువొత్తియూరు, లాల్గుడి, శ్రీరంగం పంచరత్నాలని ఆయనవే వేరే కీర్తనల గుచ్ఛాలున్నాయి. ఆహ్వానపత్రికలో ‘ఘనరాగ పంచరత్నాలు’ అని వేస్తే ఆ తికమక ఉండదు.

అంతా పాడటానికి ఎంతసేపు పడుతుంది?

మధ్యమకాలంలో (మధ్యస్థమైన వేగంలో), ప్రతి చరణానికీ స్వరం ఒకసారి, సాహిత్యం ఒకసారి చొప్పున పాడితే ఐదూ కలిపి 50 నిమిషాల నుంచి గంట. మీ బృందం 42 నిమిషాల్లో ముగించిందంటే పరుగెత్తిందని అర్థం. 70 దాటితే కీర్తనకూ కీర్తనకూ మధ్య శ్రుతి సరిచూసుకోవడంలోనో మాటల్లోనో కాలం పోయిందన్నమాట.

మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసి పాడేటప్పుడు ఏ శ్రుతి పెట్టాలి?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఎక్కువ బృందాలు చెడేది కూడా ఇక్కడే.

మగవాళ్లు మామూలుగా 1 నుంచి 2 శ్రుతిలో పాడతారు, అంటే హార్మోనియం మీద సి నుంచి డి. ఆడవాళ్లు 5 నుంచి 6, అంటే జి నుంచి ఎ. మగవాళ్ల సౌకర్యం చూసి 1 పెట్టారనుకోండి. ఆడవాళ్లు అదే స్థాయిలో పాడితే మంద్రం అందక గొణిగినట్టుంటుంది, పై స్థాయిలో పాడితే తారస్థాయి గాంధారం దగ్గర అరుపవుతుంది. ఆడవాళ్ల కోసం 5 పెడితే మగవాళ్లు ఒక స్థాయి కింద పాడాలి. వాళ్లకు మధ్యస్థాయి షడ్జమమే బాగా కింద పడి, గొంతు బలం పోతుంది.

మిశ్రమ బృందానికి 6 దగ్గర మొదలుపెట్టి చూడండి. ఆడవాళ్లకు అది అలవాటైన ఎత్తుకు దగ్గరే. మగవాళ్లు ఒక స్థాయి కింద పాడితే, 1 శ్రుతికి అలవాటైనవాళ్లకు మూడు మెట్లే తగ్గుతుంది, దాన్ని తట్టుకోగలరు. ఆడవాళ్లలో పెద్దవయసువాళ్లు ఎక్కువైతే 5½కి, అంటే జి, ఎ మధ్య నల్లమెట్టుకి దిగండి. నిర్ణయించే ముందు ఒక పరీక్ష చేయండి. జగదానందకారకలో అన్నిటికంటే పైకి వెళ్లే చరణాన్నీ, దుడుకుగలలో కిందికి దిగే చోటునూ అందరిచేతా పాడించండి. రెండు చోట్లా మాట స్పష్టంగా వినిపించిన శ్రుతే మీ శ్రుతి. ఒకసారి తేల్చుకున్నాక పెద్ద విద్వాంసులొచ్చినా మార్చవద్దు. వయొలిన్, వీణ వాయించేవాళ్లకు వారం ముందే చెప్పాలి. వేణువుకైతే ఆ శ్రుతి వేణువే కావాలి, మృదంగం కూడా ఆ శ్రుతికి పలికేదై ఉండాలి. అప్పటికప్పుడు సర్దుకొమ్మంటే కుదరదు.

ఒక్కొక్కరు ఒక్కో గురువు దగ్గర నేర్చుకున్నారు. ఎవరి పాఠం పాడాలి?

ఏదో ఒకటి ఎంచుకుని, దానికే కట్టుబడాలి. శిష్యపరంపరలు వేరు కాబట్టి సంగతుల సంఖ్యలో, కొన్ని స్వరాల్లో, అక్కడక్కడ మాటల్లో కూడా తేడాలుంటాయి. ఏది అసలైన పాఠమని వాదించుకుంటూ కూర్చుంటే సాధన జరగదు. బృందంలో ఎక్కువమందికి వచ్చిన పాఠాన్ని ఆధారంగా తీసుకుని, తేడా ఉన్న చోట్లను కాగితం మీద రాసి, ఒక్కో చోట ఒక్క నిర్ణయం చేయండి. ఆ కాగితం నకలు అందరి దగ్గరా ఉండాలి. గోష్ఠి రోజున వచ్చే అతిథులకు కూడా ఇవ్వాలి.

పల్లవి, అనుపల్లవి సంగతులు ఎన్నిసార్లన్నది ముఖ్యం. ‘ఎందరో’ పల్లవికి సగం మంది ఒక సంగతి, మిగతా సగం ఇంకో సంగతి ఎత్తుకున్నారంటే శ్రీరాగం మొదటి ఆవర్తంలోనే చెదిరిపోతుంది. సంగతుల విషయంలో తక్కువే మంచిది. అందరికీ వచ్చిన రెండు సంగతులు, సగం మందికే వచ్చిన ఐదింటికంటే నిండుగా వినిపిస్తాయి.

ఏ కీర్తనలో ఎక్కడ తప్పులు పడతాయి?

నాటలో అవరోహణ స ని ప మ రి స. కొత్తవాళ్లు నిషాదం నుంచి దిగేటప్పుడు ధైవతాన్ని తాకుతారు. చరణాలన్నీ సంబోధనల మాలలు, సమాసాలు పొడుగు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే పుస్తకంలో గీత పెట్టుకోకపోతే, ఎవరికి వాళ్లు ఒక్కోచోట విరుస్తారు.

గౌళకు ప్రాణం రిషభం. అది మామూలు శుద్ధ రిషభం కంటే ఇంకా కిందికి, షడ్జమానికి దగ్గరగా పలుకుతుంది. మాయామాళవగౌళ సరళి వరసలతో అలవాటైన గొంతు దాన్ని పైకి లాగుతుంది. పదిమందిలో నలుగురు పైకి లాగినా రాగం మాయమే. ఇక మాట విషయం. ‘దుడుకు గల నన్నే దొర కొడుకు బ్రోచురా’ అన్నదాన్ని ‘నన్నే’ దగ్గర ఆపితే ‘నన్ను మాత్రమే’ అనే అర్థం వస్తుంది. స్వామి అడుగుతున్నది ‘నన్ను ఏ దొరకొడుకు బ్రోచును’ అని. ‘నన్’ దగ్గర గొంతు తెగకుండా ‘ఏ దొర’ మీదికి వెళ్లాలి. తెలుగువాళ్లమై ఉండి ఇది తప్పు పాడకూడదు.

ఆరభిలో తిరుగుదారి తప్పుతారు. మిగతా నాలుగింట్లో చరణం అయ్యాక పల్లవి ఎత్తుగడకు వస్తాం. ‘సాధించెనే’లో మాత్రం ప్రతి చరణం తర్వాతా ‘సమయానికి తగు మాటలాడెనే’ దగ్గరికి రావాలి. ఏమరుపాటున ఇద్దరు గట్టిగొంతువాళ్లు ‘సాధించెనే’ అని ఎత్తుకుంటే వెనకవరసలన్నీ వాళ్ల వెంటే పోతాయి. ఇంకొకటి, ఆరభి ఉత్సాహం పుట్టించే రాగం. నడక పెరిగిపోయేది ఇక్కడే.

శ్రీరాగానికి అందరూ ఎదురుచూస్తారు, అందరికీ వస్తుంది. అప్పటికి నలభై నిమిషాలు పాడి ఉంటారు కాబట్టి గొంతు అలసి శ్రుతి జారుతుంది. ‘ఎందరో’కు ముందు అర నిమిషం తంబూరా మాత్రమే వినిపించనివ్వండి.

వరాళి దగ్గరికొచ్చేసరికి గోష్ఠి ఎందుకు సన్నబడుతుంది?

వరాళిని గురువు శిష్యుడికి నేరుగా నేర్పితే ఇద్దరి మధ్య అనుబంధం చెడుతుందని ఒక నమ్మకం ఉంది. అందుకని ఎంతోమంది గురువులు ‘కనకన రుచిరా’ను పాఠంగా చెప్పకుండా, విని నేర్చుకోమంటారు. విని నేర్చుకున్నది సగం సగంగా ఉంటుంది. తిరువయ్యారు ప్రసారం విన్నా, మన ఊళ్లో విన్నా, నాలుగో కీర్తనకు శబ్దం తగ్గడం తెలిసిపోతుంది.

రాగం కూడా అంత సులువు కాదు. శుద్ధ గాంధారం, చాలా పైకి, పంచమానికి దగ్గరగా పలికే ప్రతిమధ్యమం. ‘వరాళి మధ్యమం’ అని ప్రత్యేకంగా చెప్పేది దాన్నే. కీబోర్డు మెట్టు మీద ఆ స్వరం దొరకదు. కాబట్టి ఈ ఒక్క కీర్తనకు కీబోర్డు పక్కన పెట్టాలి.

నమ్మకం మీద మాకు తగువు లేదు. నేర్పడానికి గురువు వెనకాడితే, పాడిన పాఠాన్ని రికార్డు చేసుకుని బృందమంతా కలిసి కూర్చుని, ఒక్కో చరణాన్ని ముక్కలుగా వింటూ పట్టుకోండి. సాధనలో మిగతా కీర్తనలకంటే దీనికి రెట్టింపు సమయం కేటాయించండి. రాముణ్ణి చూసినకొద్దీ చూడాలనిపిస్తుందని చెప్పే ఈ కీర్తన, ఐదింటిలోనూ సౌందర్యంలో దేనికీ తీసిపోదు. బాగా పాడిన బృందానికి ఇక్కడే గుర్తింపు.

సాధన ఎన్ని వారాలు, ఎలా?

కీర్తనలు ఇప్పటికే వచ్చినవాళ్లయితే 10 వారాలు, వారానికి ఒక్కసారి గంటన్నర చాలు. కార్తికమాసంలో మొదలుపెడితే సరిపోతుంది. మొదటి వారం శ్రుతి పరీక్ష, పాఠం నిర్ణయం. ఆ తర్వాత నాట, గౌళ, ఆరభి, శ్రీ ఒక్కొక్కటి ఒక్కో వారం, వరాళి రెండు వారాలు. మిగిలిన మూడు వారాల్లో ఐదూ ఆపకుండా పాడాలి. అందులో చివరిది వాద్యాలతో, మైకులతో, అసలు జరిగే చోటే.

ప్రతి సాధనలోనూ ఒకసారి వాద్యం లేకుండా, చేతితాళంతో మాత్రమే పాడండి. మృదంగం దాచిపెట్టే లయదోషాలన్నీ బయటపడతాయి. కీర్తన మొదట్లో నాలుగు ఆవర్తాలకూ, చివర్లో నాలుగు ఆవర్తాలకూ ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూడండి. రెండు సెకన్లకు మించి తేడా వస్తే నడక కుదరలేదని తెలుస్తుంది. శ్రుతి సంగతి ఇంకా తేలిక. కీర్తన మధ్యలో తంబూరా పెట్టె ఆపేసి, చివర్లో మళ్లీ వేస్తే ఎంత జారారో వెంటనే తెలిసిపోతుంది.

అసలేమీ రానివాళ్లకు పది వారాలు చాలవు. వర్ణాలు, పది పదిహేను కీర్తనలు వచ్చిన విద్యార్థి మొదటి ఏడాది జగదానందకారక, ఎందరో నేర్చుకుని కూర్చుంటే బాగుంటుంది.

ఒకటో రెండో కీర్తనలే వస్తే గోష్ఠిలో కూర్చోవచ్చా? పుస్తకం చూసి పాడవచ్చా?

కూర్చోవచ్చు. వచ్చినవి పాడండి, రానివాటికి తాళం వేస్తూ వినండి. రాని చోట పెదాలు కదుపుతూ అరకొరగా పాడితే పక్కవాళ్లు తడబడతారు. పుస్తకం తప్పేమీ కాదు. అయితే పెద్ద అక్షరాలతో, అంటే 18 పాయింట్లకు తగ్గకుండా, చరణం మధ్యలో పేజీ తిప్పే పని లేకుండా అచ్చు వేయించండి. ఫోనులో చూసి పాడితే తల వంగిపోతుంది, గొంతు నొక్కుకుంటుంది, నాయకుడి చెయ్యి కనబడదు.

ఎంతమంది ఉండాలి? ఎలా కూర్చోవాలి?

20 నుంచి 40 మంది అయితే ఊరి బృందానికి చక్కగా కుదురుతుంది. పన్నెండుమందితో కూడా బాగానే ఉంటుంది గానీ, ఇద్దరు రాకపోతే పలచబడుతుంది. తిరువయ్యారు పద్ధతిలో స్వామి సన్నిధికి అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చోవడమే మేలు. సభ వైపు తిరిగి కూర్చుంటే ఒకరి నోరు ఒకరికి కనబడదు. పాఠం బాగా వచ్చినవాళ్లందరినీ ముందువరసలో పెట్టకండి. ప్రతి వరసలోనూ ఇద్దరు చొప్పున పంచండి. తాళం వేసే మనిషి ఒక్కరే, అందరికీ కనబడేచోట.

మృదంగాలు రెండు చాలు. ఉత్సాహంతో నలుగురైదుగురు వాయిస్తే సాహిత్యం మునిగిపోతుంది. వాయించేవాళ్లు బృందం మధ్యలో కూర్చోవాలి.

మైకుల ఏర్పాటు ఎలా? వెనకవరస ఎప్పుడూ ఆలస్యంగా ఎందుకు పాడుతుంది?

శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. మృదంగానికి 17 మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్లకు దెబ్బ సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది. వాళ్లు దానికి పాడిన పాట మళ్లీ ముందుకు చేరడానికి అంతే పడుతుంది. మొత్తం తేడా పదో వంతు. చెవికి తెలిసిపోతుంది. కాబట్టి గోష్ఠిని పొడుగ్గా కాకుండా, దగ్గరదగ్గరగా గుంపుగా కూర్చోబెట్టాలి. గుంపు పెద్దదైనప్పుడు వెనకవాళ్లు చెవిని కాకుండా చేతితాళాన్ని చూసి పాడాలి.

30 మందికి నాలుగు మైకులు చాలు, మనుషులకు మూడు నాలుగు అడుగుల దూరంలో. ఏ ఒక్కరి ముందూ దగ్గరగా పెట్టవద్దు. తంబూరా పెట్టెకు విడిగా ఒక చిన్న స్పీకరు పెట్టి వెనకవరస వైపు తిప్పండి. మైకు అబ్బాయికి ముందే చెప్పవలసిన మాట ఒక్కటే, ప్రతిధ్వని అసలు వద్దు. దాంతో స్వరసాహిత్యాలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దవుతాయి.

ఆరాధన రోజు కార్యక్రమం ఏ వరుసలో?

ఉదయం ఆరున్నర ప్రాంతంలో ఉంఛవృత్తి, అంటే పాడుతూ వీధుల్లో బియ్యం భిక్ష స్వీకరించడం. స్వామి ఉంఛవృత్తితోనే బతికారు కాబట్టి దీన్ని వదలకండి. పటం, తంబూరా, తాళాలు, భుజానికి చెంబు, అర కిలోమీటరు నుంచి కిలోమీటరు దాకా వీధులు. పాడవలసినవి ఆయన దివ్యనామ, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు. వచ్చిన బియ్యం ఆ రోజు ప్రసాదానికే వాడాలి. తర్వాత అభిషేకం, పూజ. తిరువయ్యారులో పంచరత్నాలకు ముందు వేణువు మీద ‘చేతులార శృంగారము’ వాయిస్తారు. మీ ఊళ్లో వైణికులుంటే వీణ మీదైనా సరే. తొమ్మిదింటికి పంచరత్నాలు. ఆ తర్వాత ఒక్కొక్కరు ఒక్కో కీర్తన, పదేసి నిమిషాలు. చివరికి ‘నీ నామ రూపములకు’ మంగళం. మర్నాడు వీలైతే ఆంజనేయోత్సవం.

పంచరత్నాలకు ముందు ఉపన్యాసాలు పెట్టవద్దు. గంటసేపు మాటలు విన్న గొంతులు చల్లబడి, నాట ఎత్తుగడ బలహీనంగా వస్తుంది. సన్మానాలు, వందన సమర్పణ అంతా తర్వాతే.

ప్రసాదం లెక్క: వందమందికి పులిహోరైతే 6 నుంచి 7 కిలోల బియ్యం, కిలోకు సుమారు 100 గ్రాముల చింతపండు. పాడేవాళ్లకు పులిహోర ముందు పెట్టవద్దు, గోరువెచ్చని నీళ్లు మాత్రం అందుబాటులో ఉంచండి.

తిథి రోజునే చేయాలా? ఆదివారానికి మార్చుకోవచ్చా?

పూజ, కనీసం ఒక కీర్తన తిథి రోజున చేసి, గోష్ఠిని దగ్గరి ఆదివారానికి పెట్టుకోవడం పట్టణాల్లో మామూలే. పుష్య బహుళ పంచమి 2024లో జనవరి 30న, 2025లో జనవరి 18న వచ్చింది. విదేశాల్లో తెలుగువాళ్లూ తమిళులూ కలిసి చేసే ఆరాధనలు సెలవులను బట్టి నడుస్తాయి. 1978లో మొదలైన క్లీవ్‌లాండ్ ఆరాధన ఈస్టర్ రోజుల్లో జరగడానికి కారణం అదే.

తెలుగునాటితో స్వామికి ఉన్న సంబంధం?

పూర్వీకులది పూర్వపు ప్రకాశం జిల్లాలోని కాకర్ల అని, ఇంటిపేరు అలా వచ్చిందని చెబుతారు. పుట్టిందీ, పెరిగిందీ, పాడిందీ అంతా కావేరీ తీరాన. పాటలు తెలుగులో ఉన్నా, వాటిని కాపాడుకొచ్చిన శిష్యపరంపరల్లో ఎక్కువమంది తమిళులు, సౌరాష్ట్రులు. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ సౌరాష్ట్రుడే. మన సభల్లో తమిళ ఉచ్చారణను వెక్కిరించే మాటలు అప్పుడప్పుడు వినబడతాయి. వాళ్లు దాచిపెట్టకపోతే సరిదిద్దడానికి మనకు పాటే ఉండేది కాదు.

మా ఊరి సభకు యాభై ఏళ్లు నిండాయి. చరిత్ర రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

కాగితాలతో మొదలుపెట్టండి, జ్ఞాపకాలు తర్వాత. ఆహ్వానపత్రికలు, చందా రశీదు పుస్తకాల ప్రతులు, తీర్మానాల పుస్తకం, సావనీర్లు, టెంటుహౌసు బిల్లులు. రశీదు పుస్తకం చూస్తే ఏ ఏడు ఎవరు సాయం చేశారో, ఏ ఏడు ఉత్సవం జరగలేదో తెలుస్తుంది. సభ రిజిస్టరైందేమో చూసి, జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో నకలుకు దరఖాస్తు పెట్టండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టానికి ముందు ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి చట్టం, తెలంగాణ ప్రాంతంలో 1350 ఫసలీ చట్టం ఉండేవి. పాత దస్తావేజు ఏ చట్టం కింద ఉందో చూసుకుంటే వెతకడం సులువు.

పాత పత్రికల్లో ఇంగ్లీషు సంవత్సరం ఉండకపోవచ్చు, ‘ప్రభవ నామ సంవత్సర పుష్య బహుళ పంచమి’ అని మాత్రమే ఉంటుంది. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకు తిరిగి వస్తాయి. ప్రభవ 1927లో మొదలైంది, మళ్లీ 1987లో మొదలైంది. ఏదో తేల్చడానికి ప్రెస్సు పేరు, ఫోను నంబరులో అంకెలు, పాడినవాళ్ల పేర్లు చూడాలి. రెండోది ఇంకా ఎక్కువగా జరుగుతుంది. తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది, పుష్యం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. 1987 ఉగాదికి మొదలైన ప్రభవలో ఆరాధన జరిగింది 1988 జనవరిలో. స్వామి సిద్ధి పొందిన పరాభవ సంవత్సరం 1846లో మొదలైంది, ఆ పుష్యం మాత్రం 1847 జనవరిలో వచ్చింది. ఈ లెక్క తప్పి సభ స్వర్ణోత్సవాన్ని ఏడాది ముందు చేసుకునే ప్రమాదం ఉంది.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు ‘ఏ సంవత్సరం’ అని అడగకండి. దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా అని అడగండి. ఆ ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది కాబట్టి మిగతాది మీరు లెక్క కట్టుకోవచ్చు. ఎవరు తాళం వేసేవారు, ఎవరి ఇంట్లో సాధన, ఏ పాఠం, ఏ శ్రుతి, ఆడవాళ్లు ఎప్పటి నుంచి కూర్చున్నారు అన్నవి తప్పక అడగాలి. అధ్యక్ష కార్యదర్శుల జాబితా ఎలాగూ దొరుకుతుంది, ఇవి మాత్రం ఆ మనుషులతోనే పోతాయి.

కాగితాలను 300 డీపీఐలో, ఫోటోలను 600లో స్కాన్ చేయించండి. ఫోటో వెనక పేర్లు రాసేటప్పుడు పెన్సిలే వాడండి, బాల్‌పెన్ను ఒత్తిడికి ముందువైపు గీత పడుతుంది. పాత క్యాసెట్లుంటే ముందు వాటి సంగతి చూడండి. బూజు పట్టిన టేపును ప్లేయరులో పెడితే టేపూ పోతుంది, ప్లేయరూ పాడవుతుంది. తెలిసినవాళ్లచేత శుభ్రం చేయించి, మొదటిసారి తిప్పేటప్పుడే కంప్యూటరులోకి ఎక్కించాలి. రెండోసారి తిరుగుతుందన్న నమ్మకం లేదు.